మూడు బస్తాల మొనగాడు

వస్తాదు అనగానే మనవాళ్ల కళ్లకు కొండంత మనిషి కట్టుతాడు. యూరిక్ వర్దన్యాన్ అలాంటివాడు కాడు. ఆర్మీనియాలోని లెనినకన్‌లో – ఇప్పుడా ఊరి పేరు గ్యూమ్రి – 1956లో పుట్టాడు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో 82.5 కిలోల తరగతిలో దిగాడు. అంటే మనిషి తూకం అంతకు మించరాదన్నమాట. ఒక్క ఊపున ఎత్తేదీ, భుజాలదాకా తెచ్చి ఎత్తేదీ కలిపి 400 కిలోలు ఎత్తాడు. రెండోది ఒక్కటే 222.5! ఇంచుమించు మూడు ధాన్యం బస్తాలు సుమండీ. మా ఇంట్లో గ్యాసు బండ జరపడానికే ఇద్దరు కావాలి. ఇంకా విడ్డూరం, అతనికి పై తరగతిలోనూ, ఆ పై తరగతిలోనూ బంగారు పతకాలు గెలిచినవాళ్లు కూడా 400 అందుకోలేకపోయారు.

అప్పటికతనికి ఇరవైనాలుగేళ్లు. మళ్లీ నాలుగేళ్లకు లాస్ ఏంజెలెస్. సోవియట్ ప్రభుత్వం ఎవరూ వెళ్లవద్దంది. బరువులెత్తేవాడి మాట ఎవరడిగారు? అక్కడ ఆ తరగతిలో బంగారం 355 కిలోలకే దక్కింది. గెలిచిన రుమేనియా వస్తాదు బెకేరును నేను తప్పుపట్టను; వచ్చినవాళ్లలో అతడే మేటి. కాని ఆ సెప్టెంబరులోనే బల్గేరియాలోని వార్నాలో, ఒలింపిక్స్‌కు పోని దేశాలవారికి పెట్టిన పోటీలో, వర్దన్యాన్ ఎత్తింది 405.