వేయి అడుగుల యెడము

విమానము మేఘములలో నెగిరినను, నేలపైనుండి వచ్చు మాటకు లోబడియే దిగవలెను. ఆ మాట తప్పినచో నేమగునో 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలమున హర్యానాలోని చర్ఖీ దాద్రి పొలములు చూచినవి.

ఆనాడు సౌదీ విమానమొకటి ఢిల్లీ విడిచి పైకి లేచుచుండెను. కజకస్థాన్ విమానమొకటి ఢిల్లీకి దిగివచ్చుచుండెను. మొదటిదానికి 14,000 అడుగులు, రెండవదానికి 15,000 అడుగులు ఎత్తు నిర్ణయింపబడెను. ఎదుట విమానము వచ్చుచున్నదని కజకు వైమానికులకు తెలుపబడెను కూడ. అయినను వారు నిర్ణీతమైన ఎత్తును విడిచి క్రిందికి దిగిరి. రెండు విమానములును ఢీకొనెను. 349 మందిలో నొక్కరును దక్కలేదు. పొట్టకూటికై సౌదీ దేశమునకు బోవుచున్న మనవారు వారిలో పెక్కుమంది.

తప్పు కజకు వైమానికులదేయని జస్టిస్ లహోటీగారి విచారణసంఘము తేల్చెను. ఆ తీర్పును మేము శంకింపము. అయితే, అపరాధి యెవరో తేలినంతమాత్రమున ప్రభుత్వము పని ముగియునా? ముగియదని మా యభిప్రాయము.

ఆ విమానమున నేలపై యధికారితో ఆంగ్లమున మాటాడినవాడు రేడియో ఉద్యోగి. అతని యెదుట ఎత్తు చూపు యంత్రము లేదు. చోదకుల భుజములమీదుగా తొంగిచూడవలసినదే. ఢిల్లీ రాడారు నాటికి విమానముల ఎత్తును చూపజాలకుండెను; అధికారి వైమానికుని మాటనే నమ్ముకొనవలసి వచ్చెను. ఆకాశమున చాల భాగము వాయుసేనకు ప్రత్యేకింపబడుటచే, వచ్చు విమానములకును పోవు విమానములకును దారి యొక్కటే. ఇట్లు వందలాది ప్రాణములకు మిగిలిన కంచె యొక్క మాట మాత్రమే. మాటను తప్పుగా వినుట మానవసహజము. ఎవ్వరును పొరబడరను నమ్మికపై నిలిచిన యేర్పాటు ఏర్పాటే కాదు.

ప్రమాదము జరిగిన పిమ్మట రాకపోకలకు వేర్వేరు దారు లేర్పడెను. ఎదురు విమానమును పసిగట్టి హెచ్చరించు యంత్రము మన దేశమున తప్పనిసరి యాయెను. ఇవి అప్పుడు క్రొత్తగా కనుగొన్నవా? అమెరికాలో పెద్ద ప్రయాణికుల విమానములకు 1993 నాటికే ఆ యంత్రమును విధించిరి. తెలిసిన జాగ్రత్తకే మనము 349 ప్రాణములు మూల్యముగా జెల్లించితిమి.

నేడు చిన్న పట్టణములకు సైతము విమానము వచ్చుచున్నది. ఏ ప్రమాదముపై విచారణ జరిగినను, తప్పెవరిదని యడిగి యూరకుండరాదు. ఆ తప్పును ఆపవలసిన రెండవ కంచె యేది, దాని నేల వేయలేదు అని ప్రభుత్వమును నిలదీయుట పౌరధర్మము. మృతులకు మనము చేయదగిన తర్పణ మిదియే.