చీటీ కన్నా ముందు పరీక్ష

మావారికి హెచ్ఐవీ ఉందని ఈమధ్యే తెలిసింది. నాకు పరీక్షలో లేదని వచ్చింది. రాకుండా ముందే వేసుకునే మాత్రలున్నాయట. మా వీధి మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారా? అడగాలంటే మొహమాటంగా ఉంది.
- ఓ సోదరి

ఇవ్వకూడదమ్మా. మీరు విన్నది టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ కలిసిన మాత్ర. రోజూ తప్పకుండా వేసుకుంటే బాగా కాపాడుతుంది. అయితే వైరస్ సోకిన తొలి వారాల్లో పరీక్షకు దొరక్కపోవచ్చు. అది తెలియక ఈ రెండు మందులే వాడితే వైరస్ వాటికి లొంగకుండా తయారవుతుంది. అందుకే మళ్లీ హెచ్ఐవీ పరీక్ష, కిడ్నీల పనితీరు, హెపటైటిస్-బి చూశాకే డాక్టరు చీటీ రాస్తారు. తర్వాత కూడా మూడు నెలలకోసారి పరీక్ష తప్పదు. షాపులో లేకపోతే తెప్పించమనండి. ఎందుకో, ఎవరికో చెప్పనక్కర్లేదు.

గత 72 గంటల్లో కండోమ్ లేకుండా కలిసి ఉంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే ప్రభుత్వాసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లండి. అక్కడిచ్చే మందులు వేరు, 28 రోజులు వాడాలి.

మీవారు చికిత్స మొదలుపెట్టారా? రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిస్తే కలయిక ద్వారా మీకు సోకదు. అప్పటిదాకా కండోమ్ మానొద్దు. సందేహాలుంటే 1097కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఆయన్నీ పక్కన కూర్చోబెట్టుకోండి.