లౌవ్రేలో మనకో రేటు, యూరప్ వాళ్లకో రేటు.. 10 యూరోల తేడా వెనుక అసలు కథ ఇదీ!

చూసేది ఒకే మోనాలిసా. టికెట్‌కు మాత్రం రెండు రేట్లు. పారిస్‌లోని లౌవ్రే మ్యూజియంలో 2026 జనవరి 14 నుంచి ఇదే లెక్క. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ లాంటి దేశాల వాళ్లకు 22 యూరోలు. భారత్, అమెరికా, చైనా.. ఆఖరికి పక్కనే ఉన్న బ్రిటన్ నుంచి వచ్చినా సరే 32 యూరోలు. మన రూపాయల్లో మూడు వేల పైమాటే. మనలాంటి వాళ్లకు ఒక్క దెబ్బకు 45 శాతం పెరిగిందన్నమాట.

పురాతన సంపదను కాపాడాలంటే డబ్బు కావాలి. ఇందులో ఎవరికీ అనుమానం లేదు. ఆ డబ్బు ఎవరి జేబులోంచి రావాలి? వచ్చాక ఎక్కడ ఖర్చవుతోంది? గొడవంతా ఇక్కడే.

ఎవరికి ఎంత?

యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాలు, వాటికి తోడు ఐస్‌లాండ్, నార్వే, లిక్టెన్‌స్టైన్.. ఈ 30 దేశాల పౌరులకు, అక్కడ నివాసం ఉంటున్నవాళ్లకు పాత రేటే. అంటే ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా, జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో ఉంటున్నట్టు ఆధారం చూపిస్తే 22 యూరోలు చాలు. అక్కడ చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల వయసు 26 లోపు ఉంటే అసలు టికెట్టే అక్కర్లేదు, ఉచితం. అదే లండన్‌లో ఉండేవాళ్లయితే 32 కట్టాల్సిందే. స్విట్జర్లాండ్ కూడా ఈ జాబితాకు బయటే.

18 ఏళ్లలోపు పిల్లలకు మాత్రం ఏ దేశం వాళ్లైనా ఉచితమే. హైదరాబాద్ నుంచి ఇద్దరు పిల్లలతో వెళ్లిన దంపతులకు ఇదివరకు 44 యూరోలు అయ్యేది, ఇప్పుడు 64 అవుతుంది. లౌవ్రే ఒక్కటే కాదు.. వెర్సాయ్ ప్యాలెస్, సెయింట్ షాపెల్, షాంబోర్ కోటల్లోనూ ఇదే పద్ధతి మొదలైంది.

ఇంత అవసరం ఎందుకొచ్చింది?

లౌవ్రే పరిస్థితి నిజంగానే బాగోలేదు. 1989లో గాజు పిరమిడ్ ద్వారం కట్టినప్పుడు ఏడాదికి 40 లక్షల మంది వస్తారని అనుకున్నారు. 2024లో వచ్చింది 87 లక్షల మంది. భవనంలో నీటి లీకేజీలు, గదుల్లో ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులు ఉన్నాయంటూ మ్యూజియం అధ్యక్షురాలు స్వయంగా ప్రభుత్వానికి రాసిన నోట్ 2025 జనవరిలో బయటికొచ్చింది. కొద్దిరోజులకే అధ్యక్షుడు మాక్రాన్ భారీ మరమ్మతుల ప్రణాళిక ప్రకటించారు. మోనాలిసాకు ప్రత్యేక గది, కొత్త ప్రవేశ ద్వారం అందులో భాగం. ఖర్చు అంచనా 70 నుంచి 80 కోట్ల యూరోలు. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లకు రేటు పెంచుతామన్నదీ అప్పుడే.

ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి. జూన్‌లో జనం తాకిడి తట్టుకోలేక సిబ్బంది ఉన్నట్టుండి పని ఆపేశారు. అక్టోబర్ 19న పట్టపగలు దొంగలు ట్రక్కుకు బిగించిన లిఫ్ట్‌తో అపోలో గ్యాలరీలోకి దిగి, 8 నిమిషాల్లోపే 8.8 కోట్ల యూరోల విలువైన రాచరిక నగలతో ఉడాయించారు. నవంబర్‌లో పైపు లీకై ఈజిప్ట్ విభాగం లైబ్రరీలో 300 నుంచి 400 పుస్తకాలు, పత్రాలు తడిసిపోయాయి.

మరి డబ్బు లేకనేనా?

ఆడిట్ లెక్కలు వేరే మాట చెప్తున్నాయి. ఫ్రాన్స్ ఆడిట్ కోర్టు 2018 నుంచి 2024 వరకు లౌవ్రే ఖర్చుల్ని తిరగేసింది. కొత్త కళాఖండాలు కొనడానికి 10.5 కోట్ల యూరోలు ఖర్చుపెట్టిన మ్యూజియం, భవన నిర్వహణ, ఆధునికీకరణ పనులకు పెట్టింది 2.67 కోట్లే. 2024 నాటికి సీసీ కెమెరాలున్న గదులు 39 శాతం మాత్రమే. చాలా సిఫార్సులకు మ్యూజియం ఒప్పుకుంది గానీ, భద్రత కోసం తాము చేసిన పనిని సరిగా లెక్కలోకి తీసుకోలేదని అంటోంది.

ఇంకో లెక్క చూడండి. కొత్త రేటు వల్ల ఏటా అదనంగా 1.5 నుంచి 2 కోట్ల యూరోలు వస్తాయని అంచనా. ఏటా 2 కోట్లు వచ్చినా సరే, 70 కోట్లు పోగవ్వాలంటే 35 ఏళ్లు పడుతుంది. అంటే ఈ టికెట్ పెంపుతోనే మ్యూజియం బాగుపడిపోదు. ప్రభుత్వం, దాతలు చేయి వేయాల్సిందే.

మనమూ చేస్తున్నదేగా?

తాజ్‌మహల్ చూడ్డానికి భారతీయులకు 50 రూపాయలు, విదేశీయులకు 1,100. గోల్కొండ కోటలో మనకు 25, వాళ్లకు 300. అంటే ఒకచోట 22 రెట్లు, ఇంకోచోట 12 రెట్లు. లౌవ్రేలో తేడా ఒకటిన్నర రెట్లు కూడా లేదు. ఆ మాటకొస్తే పారిస్‌ను వేలెత్తి చూపే ముందు మన టికెట్ కౌంటర్ వైపూ ఓసారి చూసుకోవాలి.

దేశ ప్రజలు పన్నులు కడుతున్నారు కాబట్టి వాళ్లకు తక్కువ రేటు.. ఈ వాదనలో న్యాయం ఉంది. కానీ జర్మన్లు ఫ్రాన్స్‌కు పన్ను కట్టరు కదా, వాళ్లకెందుకు తక్కువ? కారణం యూరప్ చట్టమే. ఇటలీ మ్యూజియాల్లో తమ దేశ వృద్ధులకే రాయితీ ఇవ్వడం చెల్లదని 2003లోనే యూరప్ న్యాయస్థానం తీర్పిచ్చింది. తోటి సభ్య దేశాల వాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేసే వీల్లేదు. అందుకే భారం బయటివాళ్ల మీద పడింది.

ఉద్యోగ సంఘాల అభ్యంతరం ఇంకోటి. లౌవ్రేలో ఉన్నవన్నీ ఫ్రాన్స్‌లో పుట్టినవి కావు. ఈజిప్ట్, పశ్చిమాసియా, ఆఫ్రికా నుంచి తెచ్చిన సంపద ఎంతో ఉంది. ఆ దేశాల వాళ్లే ఎక్కువ కట్టి తమ పూర్వీకుల వస్తువులు చూడాలా? ఈ ప్రశ్న తెలుగువాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. కృష్ణా తీరంలోని అమరావతి స్తూపం శిల్పాలు ఎన్నో ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ ప్రవేశం ఉచితం కాబట్టి సరిపోయింది. రేపు లండన్ కూడా పారిస్ బాట పడితే, అమరావతి నుంచి వెళ్లినవాళ్లు అమరావతి శిల్పాల కోసం లండన్ వాళ్ల కంటే ఎక్కువ కట్టాల్సి వస్తుంది. గోల్కొండకూ లౌవ్రేకూ తేడా ఇక్కడే ఉంది.

మిగతా యూరప్ ఏం చేస్తోంది?

వెనిస్ 2024 నుంచి రద్దీ రోజుల్లో, ఒక్క పూటకు వచ్చిపోయే వాళ్ల దగ్గర రుసుము వసూలు చేస్తోంది. మొదట 5 యూరోలు, 2025లో ఆలస్యంగా బుక్ చేసుకుంటే 10. రోమ్‌లో ట్రెవీ ఫౌంటెన్ దగ్గరికి దిగాలంటే పర్యాటకులకు 2 యూరోలు. దీనికి భిన్నంగా నిలిచింది పారిస్‌లోనే ఉన్న నోట్రె డామ్ చర్చి. 2019లో కాలిపోయిన ఈ చర్చి కోసం దాదాపు 150 దేశాల నుంచి 84 కోట్ల యూరోలకు పైగా విరాళాలు వచ్చాయి. 2024 డిసెంబర్‌లో తిరిగి తెరుచుకుంది. 5 యూరోల టికెట్ పెడదామని సాంస్కృతిక మంత్రి అన్నా, చర్చి పెద్దలు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఎవరికైనా ఉచితమే.

మోనాలిసాను చూడాలనుకునేవాళ్లు 10 యూరోల కోసం ప్రయాణం మానుకోకపోవచ్చు. కానీ కడుతున్నది కాపాడటానికే అని చెప్పి వసూలు చేస్తున్నప్పుడు లెక్క చూపించడం మ్యూజియం బాధ్యత. ఈ అదనపు యూరోలతో ఎన్ని గదులకు కెమెరాలు వచ్చాయి, ఎన్ని పాత పైపులు మార్చారు? ఏడాది తిరిగేసరికి లౌవ్రే జవాబు చెప్పాల్సింది దీనికే.