పసుపు కూలికి పనికొస్తుంది, మొహానికి పనికిరాదా?

మొన్న కరీంనగర్‌లో ఓ ప్రవచనం. వేదిక మీది పెద్దాయన సెలవిచ్చాడు: తెల్లవారుజామున లేచి పసుపు రాసుకుని స్నానం చేసే ఆడదానికి అరవై ఏళ్లొచ్చినా ముడతలు పడవట. ఆచారం వదిలి క్రీములకు ఎగబడ్డాకే ముప్పయ్యేళ్లకు ముసలితనం వస్తోందట. ముందు వరుసలో ముత్తైదువలు చప్పట్లు కొట్టారు. వెనక కుర్చీల్లో భర్త పోయినవాళ్లు కూర్చున్నారు. వాళ్ల మొహాల ఊసు ఆయన ఎత్తలేదు.

పసుపు అంత గొప్ప మందైతే, మొగుడు పోగానే ఆడదాని మొహం మీంచి దాన్ని ఎందుకు తుడిచేస్తారు స్వామీ? గాజులు పగలగొట్టి, పుస్తె తెంపి, ఆఖరికి మందు కూడా లాక్కుంటారా? చర్మానికి మొగుడు బతికున్నదీ పోయిందీ తెలుస్తుందా?

పసుపు మీద అమెరికావాళ్లే పేటెంటు తీసుకున్నారని కూడా ఆయన చెప్పాడు. 1995లో ఇచ్చిన ఆ పేటెంటు గాయాలు మాన్పడం గురించి, ముడతల గురించి కాదు. అందులో కొత్తదనం లేదని మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్‌ఐఆర్ వాదిస్తే 1997లో రద్దయింది. పసుపు పూస్తే ముడతలు ఆగుతాయనడానికి గట్టి రుజువు లేదు. వయసుతో వచ్చే ముడతల్ని ఎవరూ ఆపలేరు. ముందే తెచ్చిపెట్టేవి ముఖ్యంగా ఎండ, పొగాకు. ఇరవై ఎనిమిదేళ్లు లారీ నడిపిన ఓ అమెరికన్ డ్రైవర్ ఫొటోను 2012లో ఒక వైద్య పత్రిక వేసింది. కిటికీ వైపు చెంప ముడతలుపడి వేలాడుతోంది, రెండో చెంప మీద అన్ని ముడతలు లేవు. మొహం ఒకటే, ఆచారమూ ఒకటే. తేడా ఎండది.

మా పెద్దమ్మ మెట్‌పల్లి దిక్కు పసుపు కూలికి పోయేది. చిన్న వయసులోనే భర్త పోయాడు. తవ్వుడు, ఉడకబెట్టుడు, కల్లంలో ఆరబోసుడు, అన్నీ ఎండలోనే. పొద్దుగూకేసరికి గోళ్ల సందుల్లో, కొంగు మీద, మణికట్ల దాకా పసుపే. ఇంటికొచ్చి బూడిదతో రుద్ది రుద్ది కడుక్కునేది. ఓసారి చెంపకు అంటిన మరక చూసి, "పెద్దమ్మా, మంచిగున్నది" అన్నాను. గబుక్కున తుడిచేసుకుంది. "అట్లనకు బిడ్డా, మంది ఇంటే ఏమంటరు?"

సద్దుల బతుకమ్మ నాడు పసుపు గౌరమ్మను చేసి ఆడవాళ్లు ఒకరి పుస్తెకొకరు పసుపు పూసుకునేవారు. పెద్దమ్మ గడప దాటేది కాదు. ఆ గౌరమ్మ ఆమె తవ్విన పసుపుతో చేసిందే అయ్యుండొచ్చు. నలభై దాటకముందే ఆమె మొహమంతా ముడతలు. "మొగడు పోయినంక కళ పోయింది" అనేది ఊరు. కళ తీసింది కల్లంలో ఎండ అని చెప్పినవాడు ఒక్కడూ లేడు.

ఇక జీవనశైలి పాఠం ఎవరికి చెబుతారు? నీడన ఉండండి, కంటినిండా నిద్రపోండి, పొగాకు ముట్టకండి. సలహా మంచిదే. ఆదిలాబాద్ అడవుల్లో నడివేసవిలో తునికాకు తెంపే ఆడవాళ్లకు నీడ ఎవరిస్తారు? జగిత్యాలలో, సిరిసిల్లలో బీడీలు చుట్టేవాళ్ల చేటలో ఉన్నదే పొగాకు. నెత్తికి గుడ్డ, పని మధ్యలో గంట నీడ, ఎండ తగ్గాక కూలి: ఇవి అడగాల్సింది కూలీనా, పని పెట్టించేవాణ్నా?

ఇక భర్త పోయినవాళ్ల సంగతికొస్తే, మన పక్కనే మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ 2022 మేలో ఓ తీర్మానం చేసింది. భర్త పోయిన ఆడవాళ్ల గాజులు పగలగొట్టడం, బొట్టు చెరిపేయడం, మంగళసూత్రం తీసేయడం మా ఊళ్లో నిషిద్ధం అంది. అక్కడి ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ అదే బాటలో నడవమంది. మెట్‌పల్లి దిక్కు మల్లాపూర్, ఇబ్రహీంపట్నం మండలాల సర్పంచులారా, మీ ఊళ్లు పసుపు పండించే ఊళ్లు. వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టండి. బతుకమ్మ నాటికి అమల్లోకి తెండి.