తప్పు లెక్కలోనా, చదువులోనా?

బిడ్డ బడినుండి తెచ్చిన మార్కుల పట్టికలో లెక్కలకు తక్కువ మార్కులు కానవచ్చినచో, "ఈ బిడ్డకు లెక్కలు రావు" అని తీర్పు చెప్పుట మన యిండ్లలో వాడుక. ఆ తీర్పునకు ముందు చూడవలసిన దొకటి కలదని ఈ మాసమున మనవి చేయుచున్నాము.

పలాసలో జీడిపిక్కలు కొట్టు పనికి బోవు నొక తల్లి, నాలుగవ తరగతి చదువు తన కూతురును మా యొద్దకు తీసికొనివచ్చి, "లెక్కలు రాని పిల్లకు బడి యెందులకమ్మా? నాతో పనికి తీసికొనిపోయెదను" అనెను. మేము పలకమీద నొక లెక్క వ్రాసి యిచ్చితిమి: 80 కిలోల జీడిపిక్కల బస్తాను నలుగురు సమముగా పంచుకొనిన నొక్కొక్కరికి ఎంత వచ్చును? పిల్ల చాలసేపు చూచి యూరకుండెను. దానినే మేము చదివి వినిపింపగా, వ్రేళ్లు మడువకయే "20 కిలోలు" అనెను. ఆ పిల్లకు రానిది లెక్క గాదు, వాక్యము.

మూడవ తరగతి వరకు బిడ్డ చదువుట నేర్చుకొనును; ఆ పిమ్మట చదివి నేర్చుకొనును. చరిత్రయు, భూగోళమును, విజ్ఞానమును వాక్యముల ద్వారముననే ప్రవేశించును. అక్షరము లొక్కొక్కటిగా కూడబలుకుకొను బిడ్డ వాక్యము చివరకు వచ్చునప్పటికి మొదలు మరచిపోవును. చదువ వచ్చిన బిడ్డ మరింత చదివి మాటలు కూడబెట్టుకొనును. రాని బిడ్డ పుస్తకమును తప్పించుకొని నానాటికి వెనుకబడును. ఈ తీరును మనశ్శాస్త్రవేత్త కీత్ స్టానోవిచ్ 1986లో విశదముగా వివరించెను. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు అర్థము తెలిసి చదువుటయు, చిన్న లెక్కలు చేయుటయు నేర్వవలెనని భారత ప్రభుత్వము 2021 జూలైలో నిపుణ్ భారత్ కార్యక్రమము నారంభించినది.

అయినను చదువ వచ్చిన మాత్రమున అన్నియు వచ్చునని మేము చెప్పము. అమెరికా, బ్రిటను, కెనడా దేశములలో బిడ్డలను ఏండ్లతరబడి గమనించిన ఆరు పరిశీలనలను గ్రెగ్ డంకన్ మొదలగువారు 2007లో కలిపి చూడగా, బడిలో చేరునాటి అంకెల తెలివియే తరువాతి చదువును మిక్కిలి బాగుగ సూచించినది. చదువు నేర్పు దాని తరువాతిది. కావున రెంటిని జంటగా నేర్పవలయును.

మన ప్రాంతమున మరియొక చిక్కు కలదు. కొండల చేరువ సవర బిడ్డలకును, సరిహద్దు గ్రామముల ఒడియా బిడ్డలకును ఇంటి మాట వేరు, బడి మాట వేరు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) సవర భాష నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, ఆ బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. తెలిసిన మాట అక్షరములలో కనబడిననే కదా బిడ్డకు చదువునందు రుచి పుట్టును!

రాత్రి వంట యగుచుండగా పావుగంటసేపు బిడ్డచేత బిగ్గరగా చదివింపుడు. కథల పుస్తకము లేకున్న కిరాణా చీటియైనను, టెక్కలి బస్సు బోర్డయినను చాలును. చదివినదానిని తన మాటలలో చెప్పుమనుడు. చదువు రాని తల్లియు ఇంతమాత్రము చేయగలదు. ఉద్దానపు ఇండ్లలో కొబ్బరికాయలకు కొదవ లేదు. వానిని అయిదేసిగా పేర్పించి లెక్కింపజేయుడు.

ఇకమీద తక్కువ మార్కుల పట్టిక ఇంటికి వచ్చిననాడు లెక్కల పుస్తకము బిడ్డ చేతికిచ్చి, లెక్క చేయుమనుటకు ముందు, ఆ లెక్కను పైకి చదువుమనుడు.