తాళం ఆడే అబద్ధం

"దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టుంది మీ వరస!" అని మా ఆవిడ మొన్న నన్ను చీవాట్లు పెట్టింది. కారణం మా మేనల్లుడు. ఇంజనీరింగు చదువుతున్న ఆ కుర్రవాడు సెలవులకు మా ఇంటికి వచ్చి, పాత తాళాలు విప్పుకుని, వాటికి ఇత్తడి పిన్నులు తయారుచేస్తూ కూర్చున్నాడు. ఇదేం సరదారా అంటే, "ఇలా చూడండి మామయ్యా" అని విప్పి చూపించాడు.

అమెరికావాడు లైనస్ యేల్ 1861, 1865 సంవత్సరాలలో పేటెంట్లు పొందిన పద్ధతి అది. లోపల తిరిగే గుండ్రని దిమ్మ, దాని చుట్టూ గుల్ల, రెంటినీ కలుపుతూ అయిదారు రంధ్రాలు. ఒక్కొక్క రంధ్రంలో ఒకదానిమీద ఒకటి రెండు పిన్నులు, పైన స్ప్రింగు. అసలు తాళంచెవి పెడితే ప్రతి జంటా విడిపోయేచోటు సరిగ్గా దిమ్మ అంచుకు వస్తుంది. దిమ్మ తిరుగుతుంది. తీగతో తెరిచేవాడు దిమ్మను కాస్త తిప్పిపట్టి, బిగుసుకున్న పిన్నును ఒక్కొక్కటిగా అంచుదాకా ఎత్తుతాడు.

మావాడు చేసేదల్లా పై పిన్నుకు నడుము సన్నం చేయడం. దాన్ని డ్రిల్లింగు మిషనుకు బిగించి, తిరుగుతూండగా సన్నని ఆకురాయి ఆనిస్తాడు. దారపురీలు ఆకారం వస్తుంది. పుట్టగొడుగులా చెక్కేవారూ, వరసగా గాట్లు పెట్టేవారూ కూడా ఉన్నారట. తీగ వేసినవాడికి ఆ నడుము అంచుకు రాగానే దిమ్మ కొంచెం తిరుగుతుంది. 'తెరుచుకుంది' అని సంతోషిస్తాడు. అక్కడే పిన్ను లావుపాటి కొన అడ్డుపడుతుంది. పట్టు సడలిస్తేగాని అది పైకి పోదు. సడలిస్తే అంతకుముందు ఎత్తినవి జారిపోవచ్చు! తాళం చక్కగా అబద్ధమాడిందన్నమాట.

ముచ్చటపడి మా వీధితలుపు తాళంలో ఒకటి వెయ్యమన్నాను. నాలుగోనాడు పెళ్ళినుంచి రాత్రి పదకొండింటికి వచ్చాం. తాళంచెవి తిరగలేదు! పిన్ను అంచున నునుపు చెయ్యని ఇత్తడి ముల్లు గుల్లలో పట్టుకుంది. భస్మాసురుడి చెయ్యి నెత్తిమీదికే వచ్చింది. పట్టుచీరతో అరుగుమీద కూర్చున్న మా ఆవిడ చూపులు ఇక్కడ వర్ణించను. చివరకు తాళాలవాడు వచ్చి పగలగొట్టాడు.

"రోజూ వాడే తాళం జోలికి పోకూడదు. అది మా మొదటి నియమం. మీరు అడిగారని తప్పాను మామయ్యా" అన్నాడు మావాడు తలవంచుకుని. ఇంకో నియమమూ ఉందట: తనది కాని తాళాన్ని యజమాని అనుమతి లేకుండా ముట్టరాదు.

మృచ్ఛకటికంలో శర్విలకుడు కన్నం వేయబోతూ, కొలతాడు మరచి జందెంతో గోడ కొలుచుకున్నాడు. పనితనానికి లోటు లేదు. గోడ మాత్రం పరులది. 1851లో హాబ్స్ అనే అమెరికావాడు లండనులో, తెరిచినవారికి 200 గినీలని 1790 నుంచి పందెం కట్టి ఉన్న బ్రామా తాళాన్ని, 16 రోజులలో 51 గంటలు కష్టపడి తెరిచాడు. అది పిలిచి కట్టిన పందెం. లోపం బయటపడితేనే మరింత మంచి తాళం పుడుతుంది. విద్య ఒకటే, తాళం ఎవరిదన్నదే తేడా.

మర్నాడు మా ఆవిడ అటకమీదనుంచి తుప్పుపట్టిన తాళంకప్ప ఒకటి దించి మేనల్లుడి ముందు పెట్టింది. "దీనితో ఆడుకో నాయనా. వీధితలుపు వైపు మాత్రం చూడకు. మీ మామయ్య చెప్పినా సరే!"