బండికి గోనె కప్పాం, కూలీకి ఏం కప్పుతాం?

ఇటుకల పండుగ రోజులు. అరకు సంత చూసుకుని డుంబ్రిగుడ వైపు జీపులో పోతున్నాం. లోపల ఎంతమందో, పైనా వెనకా అంతమంది. మబ్బు కమ్మింది, టపటపా వడగళ్ళు మొదలైనాయి. డ్రైవరు బండి ఆపి, అద్దం మీద గోనెసంచులు మడతలేసి కట్టాడు. పైనున్నవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని బండి పక్కన ఒదిగారు. వాన వెలిశాక యజమాని అడిగిన మొదటి మాట: "అద్దం పగిలిందా?" మనుషుల మాట అడగలేదు. 1888లో మొరాదాబాద్‌లో వడగళ్ళు 246 మందిని చంపాయి. ఇదేమీ ఆటలాడే వాన కాదు.

డ్రైవరును మేము తప్పుపట్టం. కిస్తీ తప్పితే బండి పోతుంది, పొట్ట పోతుంది. బండినీ కాపాడుకోవాలి. ఉరుము వినగానే స్లాబు కిందికి చేర్చాలి. సిల్వర్ ఓక్ చెట్ల కింద ఆపవద్దు. కొమ్మ విరుగుతుంది, పిడుగు పడుతుంది. ఉత్త టార్పాలిన్ దెబ్బ ఆపదు, కింద గోనెలో పాత దుప్పట్లో మందంగా వేయాలి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే వడగళ్ళ నష్టానికి పైసా రాదు. సొంత బండి నష్టం కలిసిన పాలసీ ఉండాలి. అన్నిటికన్నా ముందు, పైనున్న మనుషులను దించి నీడకు చేర్చాలి.

బండికి బీమా కాగితమైనా ఉంది. కూలీకి ఏముంది? మార్చి, ఏప్రిల్ వానలకే కాఫీ పూస్తుంది. ఆ పూత మీద వడగళ్ళు పడితే నవంబరులో పండు ఉండదు. పండు లేకపోతే కోత కూలీ లేదు. చైత్రంలో పడిన దెబ్బ కూలీ కడుపుకు కార్తీకంలో తగులుతుంది!

2022-26 కేంద్ర సహాయ నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన పంట పోతే కాఫీ వంటి బహువార్షిక పంటకు హెక్టారుకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. పట్టా లేని పోడు రైతు పేరు ఆ జాబితాకెక్కడమే గగనం. ఉపాధి దెబ్బతిన్న కుటుంబాలకు రోజువారీ సాయం ఇవ్వవచ్చని కూడా అందులో ఉంది. కానీ అది విపత్తు వచ్చిన కొద్ది రోజులకే. ఎనిమిది నెలల తర్వాత పోయే కూలిని లెక్కగట్టేదెవరు?

2023 మార్చిలో తెలంగాణలో వడగళ్ళకు పంటలు పోతే ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించారు, కౌలు రైతులనూ ఆదుకోవాలన్నారు. కౌలుదారు మాట అక్కడ వినబడింది. కూలీ మాట ఇక్కడ వినిపించాల్సింది మనమే.

పట్టా ఉన్నా లేకున్నా సాగుచేసేవారి పేరు రాయాలి. పోయే కోత కూలి దినాలు లెక్కించి పరిహారమివ్వాలి. సంత దారుల్లో మనిషికీ బండికీ నీడనిచ్చే స్లాబు షెడ్లు కట్టాలి. వడగళ్ళు కరిగిపోతాయి, సాక్ష్యం మిగలదు. అందుకే వాన వెలిసిన మర్నాడే గ్రామసభ పెట్టి, రాలిన పూత చూపించి, తోటతోబాటు ఆ తోటలో కోసే కూలీల పేర్లూ రాయిద్దాం. రాయించుకోని నష్టం సర్కారు లెక్కలో నష్టమే కాదు!